వాకింగ్ ట్రాక్ మీద సైకిళ్ల స్పీడు తగ్గడానికి జిగ్‌జాగ్ రెయిలింగ్ పెట్టించవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: విశాఖలో బీచ్ రోడ్డు వైపు దిగే మీ కాలనీ పక్కన 3 మీటర్ల వెడల్పు, 400 మీటర్ల పొడవున్న బాట ఉంది. తెల్లవారుజామున వాకింగ్‌కు వచ్చేవాళ్లూ, సైకిళ్లూ అదే బాట మీద పోతారు. పోయిన నెల మీ అత్తగారిని వెనకనుంచి వచ్చిన సైకిల్ గుద్దేసింది. ఆవిడ కిందపడి మణికట్టు విరిగింది, అప్పటినుంచి నడకే మానేశారు. మీ వాకర్స్ అసోసియేషన్ వాళ్లు చందాలు పోగుచేసి, బాటకు రెండు చివర్లా జిగ్‌జాగ్ ఇనప రెయిలింగ్, మధ్యలో రెండు మూడు ప్లాస్టిక్ స్పీడ్ బ్రేకర్లు వేయిద్దామంటున్నారు. వేయించవచ్చా, సందు ఎంత ఉంచాలి అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతున్నాను. జిగ్‌జాగ్ రెయిలింగ్ పెట్టించకండి. స్పీడ్ బ్రేకర్లు అసలే వద్దు. రెయిలింగ్ దగ్గర సైకిల్ నెమ్మదిస్తుంది, నిజమే. దాటిన ముప్పై నలభై మీటర్లలో మళ్లీ పాత స్పీడు అందుకుంటుంది. మీ అత్తగారు పడింది బాట మధ్యలో, మలుపు దగ్గర అని మీరే రాశారు. చివర్లో గేటు పెడితే ఆ మలుపు దగ్గర స్పీడు తగ్గదు. దాని బదులు వాలు మొదలయ్యే పైచివర బాటను కాస్త ఇరుకు చేయండి, మధ్య భాగంలో కుండీలు కట్టి బాట తిన్నగా పోకుండా అటూ ఇటూ తిప్పండి, మలుపు దగ్గర పొదలు కొట్టించండి, రెండు మూడు చోట్ల గరుకు రాతి పట్టీలు వేయించండి. ఎక్కడైనా స్తంభాలు పాతాల్సి వస్తే మధ్య సందు 1.2 మీటర్లకు తగ్గకూడదు.

నేను సివిల్ ఇంజినీర్ని. ఇరవై ఏళ్లకు పైగా ఫుట్‌పాత్‌లు, పార్కులు, డ్రెయిన్ల మీద బాటలు, ఈ పనులే ఎక్కువగా చేశాను, చాలావరకు విశాఖలోనే. మొదట్లో నేనూ జిగ్‌జాగ్ రెయిలింగ్‌లు పెట్టించాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు స్పీడు లెక్క చూద్దాం, మిగతాదంతా దీని మీదే ఆధారపడుతుంది. మనిషి గంటకు 5 కి.మీ. నడుస్తాడు. సైకిల్ మామూలుగా 15, తొందరలో ఉంటే 20 దాటుతుంది. గంటకు 20 కి.మీ. అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. ఎదురుగా ఎవరో ఉన్నారని చూసి, బ్రేకు నొక్కడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకోండి. బ్రేకు పట్టకముందే సైకిల్ 8 మీటర్లు వెళ్లిపోతుంది. అక్కడినుంచి ఆగడానికి ఇంకో 6 మీటర్లు. మొత్తం 14 మీటర్లు. అదే సైకిల్ 12 కి.మీ. మీద వస్తుంటే 7 మీటర్లలో ఆగిపోతుంది. సరిగ్గా సగం. మరి ఇంకా తగ్గిస్తే ఇంకా మంచిదే కదా అంటే, కాదు. 7, 8 కి.మీ.కి దిగితే చాలామందికి హ్యాండిల్ నిలవదు. సైకిల్ అటూ ఇటూ ఊగుతూ ఎక్కువ జాగా తీసుకుంటుంది, పక్కన నడిచేవాళ్ల మీదికి వస్తుంది. కాబట్టి మనకు కావలసింది 10 నుంచి 12. మీ అసోసియేషన్ మీటింగ్‌లో ముందు ఈ అంకె మీద ఒక మాటకు రండి.

ఇప్పుడు ఎంత స్పీడులో వస్తున్నారో కూడా కొలవండి. పెద్ద పనేం కాదు. బాట మీద 20 మీటర్ల దూరంలో సుద్దతో రెండు గీతలు గీసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పక్కన కూర్చోండి. 3.6 సెకన్లలో దాటితే 20 కి.మీ., 6 సెకన్లు పడితే 12 కి.మీ. వాలు మీద ఒక చోట, మలుపుకు ముందు ఒక చోట, చదునుగా ఉన్న దగ్గర ఒక చోట, మూడు రోజులు రాసుకోండి. మీ ఇబ్బందంతా ఒక 60, 70 మీటర్ల ముక్కలోనే ఉందని తేలే అవకాశం ఎక్కువ. నేను చూసిన బాటల్లో దాదాపు అన్నీ అలాగే తేలాయి.

ఇక జిగ్‌జాగ్ సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక కాలనీ పార్కులో సరిగ్గా మీలాంటి కోరికే వచ్చింది. గేటు లోపల రెండు ఇనప రెయిలింగ్‌లు ఎదురెదురుగా, వాటి మధ్య దూరం 1.2 మీటర్లు, పక్కన సందు 90 సెంటీమీటర్లు ఉండేలా పెట్టించాం. పసుపు రంగు వేయించాం. చూడ్డానికి చక్కగా ఉంది. రెండు వారాల తర్వాత ఒకరోజు పొద్దున్నే వెళ్లి చూశాను. రెయిలింగ్ పక్కన గడ్డిలో జానెడు వెడల్పున మట్టి తేలిన కొత్త దారి పడింది. రెయిలింగ్ మీద మోకాలి ఎత్తులో పసుపు రంగు గీరుకుపోయి, ఇనుము తళతళలాడుతూ ఒక గీత కనిపించింది. ఏమిటా అని అక్కడే నిలబడితే కాసేపటికి తెలిసింది. రెండు వైపులా క్యాన్లు వేలాడదీసుకుని పాలు పోసే అబ్బాయి వచ్చాడు. క్యాన్లతో కలిపి అతని సైకిల్ వెడల్పు దాదాపు మీటరు. మొదటి రోజుల్లో క్యాన్లు గీరుకుంటూ తోసుకుపోయాడట. పాలు ఒలుకుతున్నాయని తర్వాత గడ్డిలోంచి పోవడం మొదలుపెట్టాడు. అతని వెనకే మిగతా సైకిళ్లన్నీ. నెమ్మదిగా రావలసిన చోట గడ్డిలో దూకుతూ ఇంకా జోరుగా వస్తున్నారు.

అదే పొద్దున ఇంకొకటి చూశాను. ఒకాయన వాళ్ల నాన్నగారిని వీల్‌చైర్‌లో తీసుకొచ్చారు. మొదటి రెయిలింగ్ దాటారు. రెండోదాని వైపు తిప్పబోతే కాళ్లు పెట్టుకునే పలక ఇనప కమ్మీకి కొట్టుకుంది. వెనక్కి లాగితే వెనక చక్రం మొదటి రెయిలింగ్‌కు తగిలింది. ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు తిప్పి చూశారు. పెద్దాయన నెమ్మదిగా, "వద్దులేరా, ఇంటికి పోదాం పద" అన్నారు. కొడుకు కుర్చీని వెనక్కి లాక్కుంటూ బయటికి తీసుకెళ్లారు. వీల్‌చైర్ చుట్టూ తిరగడానికి ఒకటిన్నర మీటర్ల జాగా కావాలన్నది ప్రతి డిజైన్ పుస్తకంలోనూ ఉండే కొలత. నాకు తెలిసిన కొలతే. సైకిల్ గురించి ఆలోచిస్తూ కుర్చీని మర్చిపోయాను. ఆ రెయిలింగ్ తీయించడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆ పెద్దాయన పార్కుకు రాలేకపోయారు.

ఇది మంచీ చెడూ మాట ఒక్కటే కాదు, చట్టం కూడా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అందరూ వాడుకునే చోట్లకు వాళ్లూ ఆటంకం లేకుండా రాగలగాలి. ఫుట్‌పాత్‌ల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) వారి ఐఆర్‌సీ 103 నిబంధనలు కనీసం 1.8 మీటర్ల అడ్డంలేని వెడల్పు అడుగుతాయి. బ్రిటన్‌లో ఇలాంటి జిగ్‌జాగ్‌లు, ఇరుకు గేట్లు ఊరూరా పెట్టారు. వీల్‌చైర్లు, మూడు చక్రాల సైకిళ్లు, పిల్లల బండ్లు ఆగిపోతున్నాయని 2020లో అక్కడి ప్రభుత్వమే సైకిల్ బాటల మార్గదర్శకాల్లో వాటిని వద్దంది. వాళ్లు చేసి సరిదిద్దుకుంటున్నదాన్ని మనం కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు.

రెయిలింగ్ పెడితే బైకులు కూడా ఆగుతాయి కదా అని మీ సెక్రటరీ గారు అన్నట్టు రాశారు. ఆగవు. కొలతలు చూడండి. మామూలు సైకిల్ హ్యాండిల్ 60 నుంచి 65 సెంటీమీటర్లు. యాక్టివా వెడల్పు దాదాపు 70. స్ప్లెండర్ 72. వీల్‌చైర్ 65 నుంచి 70, చేతులతో చక్రాలు తిప్పుకోవడానికి కలిపితే 90 కావాలి. వీల్‌చైర్ పట్టే ఏ సందులోనైనా స్కూటర్ దూరుతుంది. స్కూటర్ ఆగేంత సందు పెడితే వీల్‌చైర్ ఆగిపోతుంది. ఈ ముడి ఇనుముతో విడిపోదు, నేను చాలా రకాలు ప్రయత్నించి చూశాను.

బైకులు ఎందుకు వస్తున్నాయో వెతకండి. ఒకచోట రోడ్డు డివైడర్‌లో ఓపెనింగ్ మూసేశారు. యూటర్న్ చాలా దూరమైపోయింది. మర్నాటినుంచే పక్కనున్న ఫుట్‌పాత్ మీద బైకులు ఎదురు తిరిగి రావడం మొదలైంది. స్తంభాలు పెట్టాం, దూరాయి. చివరికి కొంచెం అవతల ఓపెనింగ్ ఇప్పించాక తగ్గింది. ఫుట్‌పాత్ మీద మోటారు వాహనం నడపడం ఎలాగూ నిబంధనలకు విరుద్ధమే, కాబట్టి మిగిలిన కొద్దిమంది విషయం ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి. టైము, ఫోటోలు జతచేస్తే వాళ్లకూ పని తేలిక.

ఇప్పుడు మీ బాటలో అసలు ప్రమాదమైన సంగతి, మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసినది: వాలు. విశాఖలో ఉన్నవాళ్లకు "డౌన్" (వాలు రోడ్డు) అంటే ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పాండురంగాపురం డౌన్‌లో సైకిల్ వదిలేస్తే ఎలా జారుతుందో మనలో చాలామందికి చిన్నప్పుడే తెలుసు. ఇరవై అడుగులకు ఒక అడుగు దిగే వాలు చూడ్డానికి పెద్ద వాలులా కూడా అనిపించదు. దాని మీద పైన ఆగి ఉన్న సైకిల్‌ని తొక్కకుండా వదిలేసినా, 50 మీటర్లు వచ్చేసరికి స్పీడు గంటకు 20 కి.మీ. దాటుతుంది. అంటే మీ మలుపు దగ్గరికి వచ్చేవాళ్లందరూ కావాలని జోరుగా రావడం లేదు. వాలే తోసేస్తోంది. దానికి తోడు పాత సైకిళ్ల బ్రేకు రబ్బర్లు అరిగిపోయి ఉంటాయి. సముద్రపు గాలికి రిమ్ములు తుప్పు పడతాయి. వాన పడిన పొద్దున తడి రిమ్ము మీద బ్రేకు పట్టడానికి ఇంకా టైము తీసుకుంటుంది.

అందుకే వాలు కింద ఎప్పుడూ అడ్డం పెట్టకూడదు. స్పీడు పుంజుకున్న సైకిల్‌కు కింద హఠాత్తుగా రెయిలింగో స్తంభమో ఎదురైతే, అతను దాన్ని గుద్దుకుంటాడు, లేదా తప్పించబోయి నడిచేవాళ్ల మీదికి వస్తాడు. మీ ప్లాన్‌లో రెండో రెయిలింగ్ సరిగ్గా అక్కడే ఉంది. స్పీడు తగ్గించే పని ఏదైనా వాలు పైన, స్పీడు పుంజుకోకముందే మొదలవ్వాలి. తర్వాత దారి పొడుగునా కొద్దికొద్దిగా పట్టి ఉంచాలి. కిందికి వచ్చేసరికి సైకిల్ తొక్కే మనిషికి జోరు అందుకునే అవకాశమే ఉండకూడదు.

ఇది చేయడానికి నాకు బాగా పనిచేసినవి కుండీలు. ఫుట్‌పాత్ మీద పెట్టే చిన్న పూలకుండీలు కాదు, ఇటుకతోనో రాయితోనో గుండ్రంగా కట్టిన గట్టు కుండీలు. 3 మీటర్ల బాటలో ఎడమ అంచునుంచి ఒక మీటరు లోపలికి ఒకటి, పది మీటర్ల తర్వాత కుడి అంచునుంచి ఒక మీటరు లోపలికి ఇంకొకటి, అలా మార్చి మార్చి. ఎక్కడ చూసినా 2 మీటర్లు ఖాళీగా ఉంటుంది. వీల్‌చైర్, తోపుడు బండి, పక్కపక్కన నడిచే ఇద్దరు, ఎవరికీ ఇబ్బంది లేదు. సైకిల్‌కు మాత్రం తిన్నగా పోవడానికి మధ్యలో ఒక్క మీటరు పట్టీయే మిగులుతుంది, లేదంటే మెలికలు తిరగాలి. ఎలాగైనా నెమ్మదించాలి. ఎదురుగా 400 మీటర్లు ఖాళీగా కనిపిస్తే కాలు దానంతటదే జోరుగా తొక్కుతుంది. పది మీటర్ల ముందు మొక్క కనిపిస్తే తొక్కడం ఆపుతుంది. ఇది ఎవరికీ చెప్పి చేయించాల్సిన పని కాదు.

గట్టు ఎత్తు 45 సెంటీమీటర్లు ఉంచండి, అది కుర్చీ ఎత్తు. పెద్దవాళ్లు కూర్చుంటారు. మనుషులు కూర్చుని ఉన్న చోట సైకిల్‌వాళ్లు ఇంకా నెమ్మదిస్తారు. పైన అంచు గుండ్రంగా నున్నగా చేయించండి. మొక్కలు ఎత్తు పెరగనివి వేయండి. బిళ్లగన్నేరు ఉప్పుగాలికి తట్టుకుంటుంది, మోకాలి ఎత్తు దాటదు, ఏడాది పొడుగునా పూస్తుంది. కాగితపు పూల మొక్క అందంగా ఉంటుంది కానీ ముళ్లు ఉంటాయి, కొమ్మలు బాట మీదికి సాగుతాయి. వద్దు. మూడోవంతు ఎత్తులో గట్టు చుట్టూ తెల్ల పట్టీ, దాని మీద రిఫ్లెక్టర్ టేపు తప్పనిసరి. కార్తీక మాసంలో ఐదున్నరకు ఇంకా చీకటే.

ఒక పార్కు బాట మీద ఇలా ఐదు కుండీలు కట్టించాక మళ్లీ సుద్ద గీతలు గీసి చూశాను. అంతకుముందు నాలుగు సెకన్లలోపే దాటినవాళ్లు ఆరు సెకన్ల దగ్గరికి వచ్చారు. ఎవరూ దిగి తోసుకుపోవాల్సిన పని పడలేదు, ఎవరూ గడ్డిలోకి దిగలేదు.

రెండోది గరుకు రాతి పట్టీలు. అడుగున్నర, రెండు అడుగుల వెడల్పున, బాటకు అడ్డంగా, ఉలితో గరుకు చేసిన గ్రానైట్ పలకలు. బాట మట్టానికి సమానంగా ఉండాలి, పైకి లేవకూడదు. ఐదు మిల్లీమీటర్లు లేచినా వీల్‌చైర్ ముందు చిన్న చక్రం తట్టుకుంటుంది, పెద్దవాళ్ల చెప్పు తగులుకుంటుంది. పాలిష్ చేసిన గ్రానైట్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, మంచు పడితే అద్దంలా జారుతుంది. నిజం చెప్పాలంటే గరుకు రాయి వల్ల స్పీడు తగ్గేది కొద్దిగానే. దాని అసలు ఉపయోగం వేరు. సైకిల్ దాని మీద ఎక్కగానే గరగరమని చప్పుడు వస్తుంది. ముందు నడుస్తున్నవాళ్లకు వెనక సైకిల్ వస్తోందని వినిపిస్తుంది. మీ అత్తగారికి ఆ రోజు వెనక ఏం వస్తోందో తెలియలేదని రాశారు కదా. మలుపుకు 15 మీటర్ల ముందు ఒక పట్టీ ఉండి ఉంటే ఆవిడ పక్కకు జరిగే టైము దొరికేది.

మూడోది చూపు. మలుపు లోపలివైపు పొదలు, బోర్డులు, చెత్తడబ్బా ఏమున్నా తీసేయండి. ఇందాకటి లెక్క ప్రకారం 14 మీటర్లు ముందునుంచే మలుపు అవతల మనిషి కనిపించాలి. కూర్చుని చూసినా కనిపించాలి, ఎందుకంటే పిల్లలూ వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లూ ఆ ఎత్తులోనే ఉంటారు.

ఇక స్తంభాలు. పైచివర రోడ్డు మీదనుంచి ఆటోలూ కార్లూ రాకుండా పెట్టాల్సిందే. ఇక్కడ కొలత జాగ్రత్త. విదేశీ పుస్తకాల్లో 1.5 మీటర్ల సందు అని ఉంటుంది. మన ఆటో వెడల్పు 1.3 మీటర్లు, ఆ సందులో హాయిగా దూరుతుంది. అందుకే మన దగ్గర 1.2 మీటర్లు. మీ 3 మీటర్ల బాట మధ్యలో 15 సెంటీమీటర్ల స్తంభం ఒక్కటే పెడితే రెండు పక్కలా 1.42 చొప్పున మిగులుతుంది, ఆటో వచ్చేస్తుంది. రెండు స్తంభాలు పెడితే మూడు సందులూ 90 సెంటీమీటర్లకు పడిపోతాయి, పాల క్యాన్ల సైకిల్ ఇరుక్కుంటుంది. కాబట్టి మధ్యలో ఒక స్తంభం, రెండు అంచుల్లో కుండీ గట్లతో బాటను 2.55 మీటర్లకు ఇరుకు చేయండి. ఇటు 1.2, అటు 1.2. ఈ ఇరుకే వాలు మొదట్లో సైకిళ్లను నెమ్మది చేసే చోటు కూడా అవుతుంది.

మధ్య స్తంభం గురించి ఒక హెచ్చరిక. నెదర్లాండ్స్‌లో సైకిల్ బాటల మీద ఇలాంటి స్తంభాలకు గుద్దుకునే సైకిల్‌వాళ్లు పడిపోతున్నారని గమనించి, అవసరం లేనివాటిని తీసేస్తున్నారు. ముందు ఒక సైకిల్ పోతుంటే వెనక వచ్చేవాడికి స్తంభం కనిపించదు, ముందువాడు తప్పుకున్నాక ఎదురుగా ప్రత్యక్షమవుతుంది. అందుకే స్తంభానికి అటూ ఇటూ ఐదారు మీటర్లు నేల మీద తెల్లగీత వేయించండి. ఎత్తు ఒక మీటరు ఉండాలి. మోకాలి ఎత్తు పొట్టి స్తంభాలు చూపు తక్కువ ఉన్నవాళ్లకు తెలియవు, తట్టుకుని పడతారు. స్టీల్ స్తంభాలు మెరుస్తూ బాగుంటాయని పెడతారు కానీ తెల్లవారుజామున ఆ బూడిద వెలుతురులో అవి కలిసిపోతాయి. పసుపు నలుపు పట్టీలు వేయండి.

ఏ పదార్థంతో అంటే, సముద్రానికి ఇంత దగ్గర్లో మామూలు ఇనప పైపు పనికిరాదు. రెడ్ ఆక్సైడ్ మీద ఎనామిల్ వేసినా ఏడాది తిరిగేసరికి పాదం దగ్గర పొక్కులు లేస్తాయి. తుప్పు మొదలయ్యేది నేల కలిసే చోట, అక్కడే నీళ్లు నిలుస్తాయి. డబ్బులుంటే గాల్వనైజ్ చేసిన పైపులో కాంక్రీటు నింపి పాతండి. లేదంటే రాతి కూసాలు. చవక, తుప్పు లేదు, అంచులు చెక్కించి గుండ్రం చేయిస్తే చాలు.

అప్పుడప్పుడు బండి లోపలికి రావాలి కాబట్టి మధ్య స్తంభం తీసి పెట్టేలా ఉండాలంటారు. అప్పుడు నేలలో గొట్టం పాతి, స్తంభం దాంట్లో దిగేలా, తీసినప్పుడు మూత నేల మట్టానికి మూసుకునేలా చేయించండి. బోల్టులతో బిగించే రకం వద్దు. ఒక ఫంక్షన్‌కు షామియానా బండి కోసం అలాంటి స్తంభం ఊడదీసి మళ్లీ బిగించలేదు. నేలలోంచి నాలుగు బోల్టులు రెండంగుళాలు పైకి లేచి ఉండిపోయాయి. మర్నాడు పొద్దున ఒక పెద్దాయన వాటికి తట్టుకుని ముందుకు పడ్డారు, ముందు పళ్లు రెండు పోయాయి. స్తంభం ఉంటే జరిగేది కాదు, లేకపోయినా జరిగేది కాదు.

స్తంభాల మధ్య గొలుసు, తాడు, తీగ ఎప్పుడూ కట్టకండి. రాత్రిపూట మూసేద్దామని ఎవరో ఒకరు అంటారు. చీకట్లో గొలుసు కనిపించదు. సైకిల్ మీద వచ్చేవాడికి అది ప్రాణాంతకం. దీని మీద నేను ఎవరితోనూ రాజీపడను.

స్పీడ్ బ్రేకర్ల సంగతి తొందరగా ముగిస్తాను. రోడ్ల కోసం ఐఆర్‌సీ 99 చెప్పే హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, మెల్లగా ఎక్కి మెల్లగా దిగేది. మీరు కొనబోయే నలుపు పసుపు ప్లాస్టిక్ ముక్కలు అడుగు వెడల్పున నిటారుగా లేచేవి. పెద్దవాళ్ల కాలి వేళ్లు వాటికే తగులుకుంటాయి. సైకిల్‌వాళ్లు వాటిని తప్పించడానికి అంచుకు వస్తారు, అంచునే మీవాళ్లు నడుస్తుంటారు. కొన్నాళ్లకు బోల్టులు లేచిపోతాయి. ఆ డబ్బుతో ఒక కుండీ కట్టొచ్చు.

బాటను గీతతో రెండుగా పంచేస్తే పోదా అని మీ ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు. 3 మీటర్లలో నడిచేవాళ్లకు 1.8 ఇస్తే సైకిళ్లకు మిగిలేది 1.2. ఎదురెదురుగా రెండు సైకిళ్లు పట్టవు, ఒకరు గీత దాటక తప్పదు. గీత ఉందన్న ధీమాతో సైకిల్‌వాళ్లు ఇంకా జోరుగా వస్తారు. పక్కన డ్రెయిన్ మీద స్లాబ్ వేసి ఇంకో మీటరు, మీటరున్నర సంపాదించగలిగితే అప్పుడు పంచండి. అప్పుడు కూడా గీత కాకుండా ఐదు సెంటీమీటర్ల మట్టం తేడా, మధ్యలో ఏటవాలు అంచు పెట్టండి. చక్రం తగిలినా పడిపోకుండా జారి ఎక్కుతుంది, చూపులేనివాళ్లకు కర్రతో అంచు తెలుస్తుంది.

సైకిల్‌వాళ్లతో మాట్లాడారా? మీ ప్రశ్నలో ఎక్కడా ఆ మాట లేదు. తెల్లవారుజామున ఆ బాట మీద వచ్చేవాళ్లు ఎవరో రెండు రోజులు చూడండి. పేపరు వేసే పిల్లలు, పాలవాళ్లు, నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోయే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌లు. రోడ్డు మీద బస్సులూ లారీలూ ఉన్నాయనే కదా వాళ్లు ఈ దారి పట్టేది. బాట వాళ్లది కూడా. మేము ఒకచోట వాకర్స్ అసోసియేషన్ తరఫున టీ ఇప్పించి, ఓ ఇరవై మందిని కూర్చోబెట్టి మాట్లాడాం. బెల్లు చెవి దగ్గరికి వచ్చి కొట్టకుండా పదిహేను మీటర్ల ముందే కొట్టమన్నాం. వాళ్లు కూడా ఒక మాట అన్నారు: నలుగురైదుగురు బాటకు అడ్డంగా కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, బెల్లు కొట్టినా జరగరు అని. అదీ నిజమే. అందరూ ఎడమవైపు నడవాలని ఆ రోజే అనుకున్నాం. వ్యాయామానికి జోరుగా తొక్కే కుర్రాళ్లు వేరే. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు కాబట్టి అక్కడికి వెళ్లమని చెబితే చాలామంది వింటారు.

డబ్బు ఖర్చు పెట్టేముందు నమూనా చేసి చూడండి. బాట కార్పొరేషన్‌ది అయితే అసోసియేషన్ సొంతంగా తవ్వకూడదు. వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి, జోనల్ ఆఫీసు ఇంజినీరింగ్ వాళ్లను ఒకసారి పొద్దున ఆరింటికి రమ్మని అడగండి, పదకొండింటికి వస్తే వాళ్లకు ఏమీ కనిపించదు. కట్టడానికి అనుమతి వచ్చేలోపు, వాళ్లతో మాట్లాడి, కుండీలు రావలసిన చోట్ల మట్టి నింపిన పెద్ద డ్రమ్ములు పెట్టి రెండు మూడు వారాలు చూడండి. రిఫ్లెక్టర్ టేపు మర్చిపోవద్దు. ఒక వీల్‌చైర్, ఒక తోపుడు బండి, క్యాన్లతో పాల సైకిల్, ఈ మూడింటినీ వాటి మధ్యలోంచి తీసుకెళ్లి చూడండి. ఎక్కడైనా తగిలితే డ్రమ్ము జరపండి. కాంక్రీటు పోశాక జరపలేరు. రంగు ఎక్కడ గీరుకుంది, గడ్డిలో దారి పడిందా అన్నది వారానికొకసారి చూసి రాసుకోండి.

ఈ వారంలోనే ఎవరి అనుమతీ అంతగా అక్కర్లేని పనులు రెండున్నాయి. మలుపు దగ్గర పొదలు మోకాలి ఎత్తుకు కొట్టించమని పార్కు సిబ్బందికి చెప్పండి. అక్కడ లైటు వెలగడం లేదని రాశారు, దానికి ఫిర్యాదు ఇవ్వండి. మీ అత్తగారు మళ్లీ నడవడానికి ఒప్పుకుంటే మొదటి కొద్ది రోజులు వాలు ఉన్న వైపు కాకుండా కింది చదును భాగంలోనే, ఎదురుగా సైకిల్ వచ్చేది కనిపించేలా తీసుకెళ్లండి. సుద్ద గీతల దగ్గర రాసుకున్న సెకన్లు, మలుపు ఫోటో, బాటకు రెండు పక్కలా ఏముందో ఇక్కడ పెడితే, ఏ కుండీ ఎక్కడ రావాలో గీసి పంపిస్తాను.